గరాజ్ తలుపులు గీసిన అక్క

మా పక్కింటి అక్క పోయిందని గ్రూప్ మెయిల్ వచ్చింది. గంటలో ముప్పై జవాబులు. అన్నిట్లోనూ గొప్ప ఆర్టిస్ట్ అన్న మాటే. చదువుతుంటే ఒళ్ళు మండింది. ఆ జవాబుల్లో నాదీ ఒకటి ఉంది.

అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్ళో మా వీధి ఇళ్ళన్నీ ఒకే అచ్చు. బావగారి వెనక డిపెండెంట్ వీసా మీద వచ్చిన అక్కకి ఉద్యోగం చేసే వీల్లేదు. నా పురిటికి అమ్మకి వీసా రాకపోతే పథ్యం వండిపెట్టింది ఆమే. రోజూ వీధంతా నడిచి వచ్చి మెయిల్‌బాక్సులూ, గరాజ్ తలుపులూ, మంచు తోసే పారలూ బొమ్మలుగా గీసేది.

"ఇవేం బొమ్మలక్కా, నెమలినో కృష్ణుడినో వెయ్యొచ్చు కదా," అన్నానొకసారి.

"నెమలిని చూసి పదేళ్ళయిందే. గరాజ్ రోజూ చూస్తున్నా," అంది.

మేం మాత్రం పుట్టినరోజులకీ ఓణీల ఫంక్షన్లకీ ఆమె చేత థర్మకోల్ మీద నెమళ్ళే వేయించుకున్నాం. ఏనాడూ కాదనలేదు.

చివరికి ఊరి లైబ్రరీ వాళ్ళు ఆమె బొమ్మలకి ఒక గోడ ఇచ్చారు. శనివారం మధ్యాహ్నం ఓపెనింగ్. ఇంటింటికీ వచ్చి, "ఒక్క గంట వచ్చి పొండి, ఇంకేం అడగను," అని పిలిచింది. తప్పకుండా వస్తామన్నాం.

మా సత్యనారాయణ వ్రతానికి పంతులుగారు ఆ శనివారమైనా, మర్నాడు ఆదివారమైనా మంచిదే అన్నారు. ఆదివారమైతే తెల్లారి ఆఫీసులని శనివారం ఖాయం చేసింది నేనే. ఆమె పిలిచిన వాళ్ళందరినీ నేనూ పిలిచాను. వ్రతం భోజనం వదులుకుని లైబ్రరీకి ఎవరు పోతారు?

సాయంత్రం అక్క ఓపెనింగ్‌కని చేసిన సమోసాల ట్రేలతో మా గరాజ్‌లోంచి వచ్చింది. "మీ ఇంట్లో జనం ఉన్నారు కదా, మెత్తబడకముందే పెట్టెయ్."

"సారీ అక్కా, ముహూర్తం..." అని నసిగాను.

"దేవుడి పని కదే," అంది.

తిట్టినా బాగుండేది. సమోసాలు అందరం తిన్నాం. బాగున్నాయని కూడా అన్నాం. సిగ్గులేని తిండి.

నిన్న సంతాప సభకి బావగారు ఆమె బొమ్మలు తెచ్చి గోడకి ఆనించారు. ఒకదాని దగ్గరే గుంపు. అది మా ఇల్లు. తెరిచిన గరాజ్, లోపలి తలుపు ముందు ఒకదానిమీదొకటి నలభై జతల చెప్పులు. కింద మూలన ఆ శనివారం తేదీ.

"అరే, ఆ బ్లూ స్నీకర్స్ నావే," అన్నాడొకాయన నవ్వుతూ. పక్కనున్నావిడ కళ్ళజోడు పెట్టుకుంది. ఒక్కొక్కరే ముందుకి వంగి తమ చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.