వియ్యపురాలి అప్పగింతలు

పాల డబ్బా మీద తేదీ చూడకుండా నేను ఫ్రిజ్‌లో పెట్టను. మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి వస్తూ దారిలో గాలన్ పాలు పట్టుకొచ్చింది. అలవాటు ప్రకారం కళ్ళజోడు సర్దుకుని మూత దగ్గర అచ్చుకొట్టిన అంకెలు చదువుతుంటే ఆ పిల్ల నవ్వింది. "నానమ్మా, గ్రాండ్మా కూడా ఇలాగే చూసేది. బట్ షి నెవర్ డ్రాంక్ ఇట్." నవ్వు ఆగగానే ఫోను తీసి నా నోటి ముందు పెట్టింది. "గ్రాండ్మా ఆవుల్ని ఎలా పిలిచేది? నువ్వు విన్నావ్ కదా. ఒక్కసారి చెయ్యి, నేను రికార్డ్ చేస్తా. మెమోరియల్‌లో ప్లే చేద్దాం." పాలు కాచాలని చెప్పి నేను పొయ్యి వైపు తిరిగాను. ఈ దేశంలో పాలు కాచనక్కర్లేదని ఆ పిల్లకీ తెలుసు, నాకూ తెలుసు.

గ్రాండ్మా అంటే మా కోడలి తల్లి, నా వియ్యపురాలు. పోయిన నెలలో తొంభై నాలుగో ఏట కన్నుమూసింది. కాపెల్ అనే ఈ ఊళ్ళోని మా ఇంటి నుంచి నైరుతిగా రెండు గంటలు కారులో వెళ్తే వాళ్ళ ఊరు. ఊరంటే ఒక చర్చి, ఒక పెట్రోలు బంకు, గాలికి ఒకవైపే వంగిన ముళ్ళచెట్లు. అక్కణ్ణుంచి తెల్లటి గులకమట్టి దారిలో ఇంకా లోపలికి వెళ్ళాలి. పద్దెనిమిదో ఏట పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన సాయంత్రమే ఆవిడ పెళ్ళి గౌను విప్పి మడతపెట్టి, ఆవుల దగ్గర కూర్చుందట. అప్పట్లో చేత్తోనే పితికేవారు, మిషన్లు తర్వాత వచ్చాయి. ముగ్గురు పిల్లలు. నడిమి పిల్ల రెండేళ్ళు నిండకముందే ఒక చలికాలం దగ్గుతో పోయింది. చర్చి వెనక ఆ పిల్ల పేరు చెక్కిన రాయి నా మోకాలంత ఎత్తు కూడా ఉండదు. ఆవిడ నలభై తొమ్మిదో ఏట పొలంలో ట్రాక్టరు తిరగబడి భర్త పోయాడు. శవాన్ని తీసుకెళ్ళాక, ఓదార్చడానికి వచ్చినవాళ్ళు ఇంట్లో కూర్చుని ఉండగానే, ఆవిడ లేచి బూట్లు తొడుక్కుని పాలు పితకడానికి వెళ్ళిందని మా కోడలు చెప్పింది. కోడలికప్పుడు ఏడేళ్ళు. "మామ్ ఏడవడం నేను చూడలేదు అత్తయ్యా. కానీ ఆ రోజు మిషన్లు చాలాసేపు ఆన్‌లోనే ఉన్నాయి" అంది.

నేను ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని. మనుషుల్ని చూసినా లెక్కలాగే చూస్తానని మావాడి ఫిర్యాదు. వాడు నలుగురిలో చెప్పేటప్పుడు తన అత్తగారికి డెబ్భై ఆవులుండేవంటాడు. నలభై రెండు. నేను లెక్కపెట్టాను. వాటిని తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి పితకాలి. వేళ తప్పితే పొదుగులు గట్టిపడి జ్వరం వస్తుంది. పండగలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ ఆ రెండు వేళల మధ్యలోనే జరగాలి. మావాడి పెళ్ళీ అలాగే జరిగింది. కాపెల్‌లో హాలు తీసుకుని మన పద్ధతిలో చేశాం. తలంబ్రాల దాకా ఆవిడ ముందు వరసలో లేత నీలం గౌనులో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తరగతిలో కొత్తగా చేరిన పిల్లలా కూర్చుంది. ఒంటిగంట కాగానే లేచి కూతురి బుగ్గ మీద ముద్దు పెట్టి, నా చెయ్యి నొక్కి, తిన్నగా పార్కింగులోకి నడిచి పికప్ ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయింది. అప్పగింతలకి వెండి పళ్ళెంలో పాలు పోసి ఉంచాం. పిల్ల చేతులు ఆ పాలలో ముంచి, ఆ తడిచేతులు మా చేతుల్లో పెట్టాల్సిన తల్లి లేదు.

మా ఆడపడుచు ఊరుకుంటుందా. "అదేంటి వదినా! పిల్లని అప్పగించకుండానే వెళ్ళిపోయింది. రేపు తేడా వస్తే మేం ఇవ్వలేదంటారేమో!" అంది, పురోహితుడికి కూడా వినపడేలా.

"ఆవులు ఆగవుట" అన్నాన్నేను.

"ఆవుల కోసమా! పిల్లకంటే ఎక్కువా అవి?"

నాకూ ఆ రోజు అలాగే అనిపించింది. ఆ పాలు పళ్ళెంలోనే మిగిలిపోయి, సాయంత్రానికి మీగడ కట్టాయి.

మరుసటి వేసవిలో మొదటిసారి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆవిడకి డెబ్భై మూడు, నాకు అరవై ఒకటి. నా చీర కుచ్చిళ్ళ వైపు, నా చెప్పుల వైపు చూసి, ఒక జత రబ్బరు గంబూట్లు తెచ్చి ముందు పెట్టింది. గద్వాల చీర మీద గంబూట్లతో నేను పాల షెడ్డులో నిలబడ్డ ఫోటో మావాడు ఇప్పటికీ దాచుకున్నాడు. మా అబ్బాయి నన్ను 'అమ్మా' అని పిలవడం విని అదే నా పేరనుకుంది ఆవిడ. కాదని కోడలు చెప్పింది. వదినగారూ అనాలని నేనూ నేర్పబోయాను. అది నోరు తిరగలేదు. నాకంటే పన్నెండేళ్ళు పెద్దావిడ నన్ను చివరిదాకా అమ్మా అనే పిలిచింది.

ఆ షెడ్డులోనే ఆ పిలుపు మొదటిసారి విన్నాను. మూడు కావస్తుండగా గేటు దగ్గర నిలబడి, గెడ్డం కాస్త పైకెత్తి, "సూ...క్! సూ...క్!" అని పిలిచేది. బొంగురుగా మొదలై, చివరికి సన్నగా తీగలా సాగేది. మైదానం అవతలి గట్టు మీదున్న ఆవు కూడా తల ఎత్తేది. ఒకదాని వెనక ఒకటి, రోజూ అదే వరసలో వచ్చేవి. అన్నిటికంటే ముందు నుదుట తెల్లమచ్చ ఉన్న ఆవు. నేను మూడు రోజులు పరీక్షగా చూశాను, వరస తప్పలేదు. "నా క్లాసు పిల్లలు ఏనాడూ ఇలా రాలేదు" అంటే ఆవిడ నవ్వింది. "నువ్వు పిలిచినప్పుడల్లా వాళ్ళకి సుఖంగా ఉండేదా? వీటికి ఉంటుంది. పొదుగు బరువు తీరుతుంది, దాణా దొరుకుతుంది. అందుకే వస్తాయి అమ్మా. నేనంటే ప్రేమా పాడా!"

ఆవిడకి ఎనభై ఒకటి నిండిన ఏడు పాల కంపెనీ కబురు చేసింది, ఇంత కొద్ది పాల కోసం అంత దూరం లారీ పంపలేమని. పెద్దకొడుకు, అంటే మా కోడలి అన్న, అప్పటికి యాభై ఎనిమిదేళ్ళవాడు. నడుం పట్టీ లేకుండా నిలబడలేడు. అమ్మేద్దామన్నాడు. ఆవిడ ససేమిరా అంది. ఆ శీతాకాలమంతా తల్లీకొడుకులు ఒకే షెడ్డులో, ఒకే ఆవుకి చెరో పక్కన నిలబడి మాటల్లేకుండా పని చేశారు. పితికిన పాలు చాలా భాగం గుంటలోకి వదిలేశారు. చివరికి ఒక పూట అతను పాల క్యాను ఎత్తబోయి అక్కడే కూలబడి లేవలేకపోయాడు. ఆవిడ అతన్ని లేపబోయింది, ఆవిడ వల్ల కాలేదు. ఆ రాత్రే సరేనంది. ఒక్క షరతు: ఆవుల్ని తీసుకెళ్ళే రోజు తను బయటికి రాదు.

మార్చిలో లారీలు వచ్చే రోజున కోడలు నన్ను కూడా రమ్మంది. "మీరుంటే మామ్ నా మీద అరవదు" అంది. వెళ్ళేసరికి రెండు పొడవాటి ట్రైలర్లు నిలబడి ఉన్నాయి. ఆ ఉదయం పాలు పితకలేదు. పొదుగులు నిండుగా కనపడితేనే కొనేవాళ్ళు చూస్తారట. చెవులకున్న బిళ్ళల్ని బట్టి ఆవుల్ని రెండు గుంపులుగా విడదీశారు, ముసలివి ఒకవైపు, వయసువి ఒకవైపు. ఒక్కటీ ట్రైలరు ఎక్కలేదు. వచ్చినవాళ్ళు ఈలలు వేశారు, వీపుల మీద చరిచారు, తోకలు మెలితిప్పారు. చివరికి ఒక కుర్రాడు కరెంటు కర్ర తీశాడు. తెల్లమచ్చ ఆవు, ఇప్పుడు ముసలిది, ట్రైలరు ఎక్కే వాలుపలక మీద జారి ముందుకాళ్ళ మీద పడింది. మోకాలి దగ్గర నెత్తురు. పెద్దకొడుకు పికప్ వెనకభాగంలో కూర్చుని తల వంచుకున్నాడు. అప్పుడు వంటింటి జాలీ తలుపు టపామని కొట్టుకుంది.

ఆవిడ ఏప్రన్‌తోనే వచ్చింది. తిన్నగా ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళింది. "మీ అమ్మ ఉందా?"

"ఉంది మేడం."

"ఆవిణ్ణి కూడా ఇలాగే కారెక్కిస్తావా? ఆ కర్ర అవతల పారెయ్."

అతను పారేశాడు. ఆవిడ నా వైపు తిరిగింది. "అమ్మా, ఆ గేటు పట్టుకో. నేను చెప్పినప్పుడు వెయ్యి." నేను గేటు పట్టుకున్నాను. ఆవిడ వాలుపలక మీద మెల్లగా నడిచి ట్రైలరు లోపలికి వెళ్ళింది. చీకట్లో ఏప్రన్ ఒక్కటే తెల్లగా కనిపిస్తోంది. తర్వాత లోపల్నుంచి, "సూ...క్! సూ...క్!"

ముసలిది చెవులు రిక్కించింది. కుంటుతూ లేచి ఎక్కింది. దాని వెనక మిగతావి, అదే వరసలో. కారుతున్న పొదుగులతో, పాలు పితుకుతారనుకుని. ఒక్కొక్కటీ పక్కనుంచి వెళ్తుంటే ఆవిడ పొదుగు మీదొకసారి, వీపు మీదొకసారి చెయ్యి వేసింది. పక్కనున్న చిన్న తలుపులోంచి కిందికి దిగేసరికి చెయ్యి మోచేతిదాకా పాలతో తడిసి ఉంది. నాకు మా వెండి పళ్ళెం గుర్తొచ్చింది. "వెయ్యమ్మా" అంది. గేటు వేశాను. గొళ్ళెం బిగుసుకుపోయి ఉంటే అరచేత్తో కొట్టాల్సి వచ్చింది. తర్వాత రెండో ట్రైలరు. అక్కడా అంతే.

లారీలు వెళ్తుంటే అరుగు మీద ఇద్దరం నిలబడ్డాం. అన్నీ ఉత్తరాన ఒక పెద్ద డెయిరీకి పోతున్నాయని కొడుకు చెప్పాడు. మట్టిదారి చివర తారురోడ్డు దగ్గర రెండో లారీ ఉత్తరం వైపు తిరిగింది. ముసలివాటి లారీ దక్షిణానికి, కబేళా ఉన్న వైపు తిరిగింది. ఆవిడ తడిచెయ్యి ఏప్రన్‌కి తుడుచుకోకుండా అలాగే దూరంగా పట్టుకుని ఉంది. "అరవై మూడేళ్ళు పిలిచాను అమ్మా" అంది. "వాటికి అబద్ధం చెప్పడం ఇదే మొదలు."

ఆ మధ్యాహ్నం మూడింటికి బూట్లు తొడుక్కుని వెళ్ళి ఖాళీ షెడ్డుని గొట్టంతో కడిగింది. మర్నాటికి పనికొస్తుందన్నట్టు మిషన్లు విప్పి, తోమి, వరసగా తగిలించింది. ఆ వారం కోడలు కొట్లోంచి తెచ్చిన గాలన్ డబ్బాని అటూ ఇటూ తిప్పి తేదీ చదివి, "ఎప్పటి పాలో ఇవి!" అని పక్కన పెట్టేసింది. చివరిదాకా కాఫీ నల్లగానే తాగింది. నడుం నొప్పి తగ్గుతుందని ఆవుల్ని అమ్మిన కొడుకు మూడేళ్ళు కూడా సుఖపడలేదు, గుండె ఆగి పోయాడు. చర్చి వెనక అతన్ని పూడ్చిన రోజు ఆవిడ సాయంత్రందాకా ఆ మట్టి పక్కన మడతకుర్చీలో కూర్చుంది. వెళ్ళాల్సిన పని లేకుండా ఆవిడ ఒకచోట కూర్చోవడం అప్పుడే చూశాను.

కడపటి నాలుగేళ్ళు వృద్ధుల ఆశ్రమంలో గడిచాయి. జ్ఞాపకంలో మనుషులు కలగాపులగమయ్యారు, పేర్లు పోయాయి. కూతుర్ని చర్చి ఆవిడ అనుకునేది. కానీ మూడు కాగానే కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడేది. నర్సులు మొదట్లో పడిపోతుందని బెల్టు కట్టబోయారు, తర్వాత ఆ వేళకి ఒకరు వచ్చి పక్కన నిలబడటం నేర్చుకున్నారు. నిలబడేది గానీ పిలిచేది కాదు. ఆ మార్చి తర్వాత ఆ పిలుపు ఆవిడ నోట ఎవరూ వినలేదు. పోవడానికి ముందువారం నేను వెళ్ళినప్పుడు కూడా అలాగే నిలబడి, కిటికీలోంచి పార్కింగు వైపు చూస్తూ, "అమ్మా, గేటు వేశావా?" అంది.

"వేశాను వదినగారూ."

"తియ్యి" అంది.

లేచి వెళ్ళి ఆ గది తలుపు బార్లా తెరిచాను. ఆవిడ కాసేపు వరండా వైపు చూసి కూర్చుంది.

పాలు పొంగాయి. పొయ్యి కట్టేశాను. మనవరాలు ఇంకా ఫోను పట్టుకునే ఉంది. "నానమ్మా, ప్లీజ్! జస్ట్ వన్స్." నాకు రాదు, మర్చిపోయానన్నాను. వచ్చు. గొంతు ఎక్కడ బొంగురుగా మొదలవ్వాలో, ఎక్కడ సన్నబడాలో కూడా తెలుసు. సమాధి రాయి మీద తొంభై నాలుగేళ్ళని చెక్కిస్తారట. ఆ లారీల రోజుతో ఎనభై ఒకటి దగ్గరే ఆవిడ లెక్క ఆపేయాలని చాలాకాలం అనుకున్నాను. కానీ పిలవడానికి ఏమీ మిగలని పదమూడేళ్ళూ ఆవిడ మూడింటికి లేచి నిలబడింది. నిలబడ్డ కాలాన్ని తీసేయడానికి నాకు చెయ్యి రాలేదు. కలిపాను. తొంభై నాలుగే.