మా అత్తల ఇల్లు, మా నాన్న పేరుబలం

ఇల్లు కొనేది మా మేనత్తలిద్దరు. పేరుబలం చూసింది మాత్రం మా నాన్నకు. ఈ సంగతి నాగోల్‌లో మోడల్ ఫ్లాట్ మధ్యలో నిలబడ్డాకగానీ మాకు తెలియలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పెద్దత్త ప్రభుత్వ బడిలో టీచరు. పెళ్ళి వద్దనుకుంది. చిన్నత్త కరెంటాఫీసులో పనిచేస్తుంది. భర్త చనిపోయాక అక్క దగ్గరికి వచ్చి, అక్కడే ఉండిపోయింది. నల్గొండ నుంచి వచ్చింది మొదలు ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోనే ఒక కిరాయి పోర్షన్ నుంచి ఇంకో కిరాయి పోర్షన్‌కి మారుతూ బతికారు. గోడకు మేకు కొట్టాలంటే ఓనరు మొహం చూడాలి. చుట్టాలు నలుగురు వస్తే, నీళ్ళు అయిపోతున్నాయని మెట్ల మీంచి సణుగుడు వినాలి. ఈ ఏడు పెద్దత్త, వచ్చే ఏడు చిన్నత్త రిటైరవుతున్నారు. ఇక చచ్చేదాకా సొంత ఇంట్లోనే ఉంటామని తేల్చి చెప్పారు.

వాళ్ళ తమ్ముడైన మా నాన్న, మగతోడు లేకుండా ఎలా పోతారని వాళ్ళతో బయల్దేరాడు. నేను ఊరికే వెంట వెళ్ళాను.

అపార్ట్‌మెంటు ఇంకా పిల్లర్ల దశలోనే ఉంది. గేటు పక్కన మోడల్ ఫ్లాట్ ఒక్కటి ముస్తాబు చేసి పెట్టారు. చూపించడానికి వచ్చిన అమ్మాయి కోస్తా వైపు మనిషి, మహా మర్యాదస్తురాలు. ఆ మర్యాదంతా నాన్నకే. "రండి సార్, ఇది మాస్టర్ బెడ్‌రూమ్ సార్. కిచెన్ చూడండి సార్, చాలా కన్వీనియెంట్‌గా ఉంటుంది." నాన్నకు టీ కాచుకోవడం కూడా రాదు. అయినా పొయ్యి గట్టు మీద చెయ్యి వేసి, గంభీరంగా తల ఊపాడు.

పెద్దత్త మంచి పొడగరి. ఎవరినీ అడక్కుండా మాస్టర్ బెడ్‌రూమ్‌లో మంచమెక్కి వెల్లకిలా పడుకుంది. రెండు పాదాలూ బయటికొచ్చాయి. "గీ మంచం ఎవరికి చేయించిన్రమ్మా, బడిపిల్లలకా?" అంది. గది పెద్దదిగా కనిపించాలని మంచాన్నే కురచ చేశారు. నేను పగలబడి నవ్వాను. నాన్న నా వైపు గుర్రుగా చూశాడు.

చిన్నత్త కర్టెన్ తీసి బాల్కనీలోకి తొంగి చూసింది. "మనది రోడ్డు దిక్కే ఉంటది గద?" అని అడిగింది. ఆమెకు కావలసింది అదొక్కటే. సాయంత్రం కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కూర్చోవాలి.

"లేదు మేడమ్, మీది ఈస్ట్ ఫేసింగ్. బాల్కనీ ఎదురుగా పక్క బ్లాక్ గోడ వస్తుందండి."

"మేం రోడ్డు కనవడే పడమరది అడిగినం గదమ్మా!"

"సార్ ఫోన్ చేసి, ఆయన పేరుకి తూర్పు వాకిలే కుదురుతుందన్నారండి. అందుకే మీకు తూర్పుదే ఉంచాం."

ఇంటి యజమాని పేరులో మొదటి అక్షరాన్ని బట్టి ఏ దిక్కు వాకిలి అచ్చొస్తుందో పంతులు చెబుతాడు, అదే పేరుబలం. మా వాళ్ళు అది చూడకుండా ఇల్లు కొనరు, సరే. కానీ యజమాని ఎవరు? నాన్నకు ఎల్బీనగర్‌లో నిక్షేపంలాంటి ఇల్లుంది. అక్కల ఇంటి మీద ఆశ ఇసుమంతైనా లేదు. ఆశ ఉంటే పోట్లాడవచ్చు. యజమాని అంటే మగవాడే అనుకుని, రెండో ఆలోచన లేకుండా తన పేరు చెప్పేశాడు. నాకు మండింది అందుకే.

"మీ మంచికే అక్కా. ఇంటికి మగోని పేరు మీదనే చూస్తరు" అన్నాడు నాన్న.

పెద్దత్త మంచం దిగలేదు. లేచి కూర్చుంది. "ఇన్నేండ్లు ఎవని పేరుబలంతోని బతికినం తమ్మీ? కిరాయి ఇండ్లు మారినప్పుడు ఒక్కసారన్న ఏ పంతులునన్న అడిగినవా?"

నాన్న ఫోన్ తీసి పంతులుకు చేశాడు. ఈసారి పెద్దత్త పేరు చెప్పాడు. ఆ పేరుకు పడమర కుదిరితే బాగుండునని నేను లోపల్లోపల మొక్కుకున్నాను.

"నీ పేరుకు పడమర అస్సలు పనికిరాదంటున్నడక్కా."

నాకు నీరసం వచ్చింది. పెద్దత్తకు రాలేదు. "పేరుకు పనికిరాకుంటే మానె. మాకు పనికొస్తది."

చిన్నత్త ఆ అమ్మాయి వైపు తిరిగింది. "పడమరదే రాయమ్మా. రెండు పేర్లు రాయి. అక్కది ముందు."

ఆ అమ్మాయి అలవాటు కొద్దీ నాన్న మొహం చూసింది. "నన్ను చూడు, చెప్తా" అంది పెద్దత్త.

నాన్న ఆమె పక్కన మంచం అంచున కూలబడ్డాడు. ఆయనకు నిజంగానే భయం వేసింది. ఉన్నది ఈ ఇద్దరు అక్కలే.

"రేపు ఏమన్న అయితే అక్కా?"

"అయితే అయితది" అంది పెద్దత్త. "మా ఇంట్లనే గద అయ్యేది."