చుట్టలూ చుట్టాలూ

మా మేనత్త పోయిందన్న కబురు ఉరవకొండ బస్సు కండక్టరు తెచ్చాడు. నేను పనిచేసే గుంతకల్లు గూడ్సు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, "అన్నా, మీ యత్త పొద్దున్నే పోయినాదంట. దినామూ తాగే చుట్టలే ఆమెను తినేసినాయని మీ చిన్నమామ చెప్పమన్నాడు" అన్నాడు. పోయిందని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ రెండో మాట ఎందుకు? శవం ఇంట్లో ఉండగానే నేరం ఎవరి నెత్తిన వెయ్యాలో తేల్చేసుకున్నారన్నమాట. ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. నెల దాటినా అది దిగలేదు. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. చదివేవాళ్ళు మన్నించాలి, ఇప్పట్లో అది నాకు చేతకాదు.

ఆమె మా నాయనకు అక్క. మామ గూడ్సు బండి డ్రైవరు. కాపురం గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో. మామకు చుట్ట లేనిదే బండి కదిలేది కాదు. మా వైపు ఇళ్ళల్లో మగవాడి చుట్ట వెలిగించి ఇచ్చే పని ఆడవాళ్ళది. పొయ్యి దగ్గరికి పోయి నిప్పు అంటించి, ఆరిపోకుండా రెండు దమ్ములు లాగి, తెచ్చి చేతికివ్వాలి. మొగుడి కోసం లాగే ఆ రెండు దమ్ముల్ని ఎవరూ తప్పనరు. మూడోది లాగితేనే తప్పు. కొత్త కాపురంలోనే మా అత్త మూడోది లాగింది. మామ చూసి కోప్పడలేదు. "బాగుంటే నువ్వొకటి ఎలిగించుకోరాదా" అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు అత్త ముఖం చూడాలి. పెళ్ళిలో కట్టిన తాళి కంటే ఆ మాటే ఆమెకు ఎక్కువ.

పక్క క్వార్టర్లో ఒక గార్డు దొర ఉండేవాడు. తెల్లదొర కాదు, ఆంగ్లో ఇండియను, ఈ దేశంలో పుట్టి పెరిగినవాడే, తెలుగు మాట్లాడేవాడు. అతని తమ్ముడు మద్రాసు రేవులో ఓడల మీద పని చేసేవాడు. సముద్రం అవతలి నుంచి చెక్కపెట్టెల్లో చుట్టలు తెచ్చి అన్నకు ఇచ్చేవాడు. ఒక్కొక్క చుట్టకు నడుమున బంగారు రంగు కాగితపు ఉంగరం. దొరకు అత్త బెల్లంపాకంలో చుట్టే శెనక్కాయ ఉంటలంటే ప్రాణం. ఉంటలు గోడ ఇవతలి నుంచి అవతలికి పోయేవి, చుట్టలు అవతలి నుంచి ఇవతలికి వచ్చేవి. మామ చనిపోయి, అత్త క్వార్టరు ఖాళీ చేసి, ఉరవకొండ దాటి ఉన్న అత్తగారి ఊరికి చేరినాక కూడా ఆ బేరం ఆగలేదు. నాకు గుంతకల్లులో ఉద్యోగం వచ్చింది కాబట్టి మోసేవాణ్ణి నేనయ్యాను.

ఆ ఊళ్ళో ఇంకా ముసలివాళ్ళు చుట్ట తాగేవాళ్ళు, ఆడవాళ్ళు కూడా. కానీ దొడ్లో, దడి చాటున. మా అత్త వీధి అరుగు మీద తాగింది. పొద్దు గుంకే వేళకు పనులన్నీ తీర్చుకుని, ముఖం కడుక్కుని, గోడకు చేరగిలబడి కూర్చునేది. మామ బతికున్నప్పుడు ఆయనతో కలిసి కూర్చున్న వేళ అది. ఆ గంటసేపు ఆమె ఎవరికీ వదిన కాదు, ఎవరికీ వంటమనిషి కాదు. చుట్ట నడుమున ఉన్న ఉంగరం తీసి వీధిలో ఆడుకునే ఆడపిల్లలకు ఇచ్చేది. మా అత్త చలవతో ఆ ఊరి పిల్లలందరి వేళ్ళకూ బంగారం ఉండేది.

చుట్ట తాగడమంటే ఏమిటో నాకు చెప్పింది ఆమె. ముందు చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో మెల్లగా ఒత్తేది. చిటపటమంటే ఎండిపోయినట్టు, మెత్తగా అణిగిపోతే తడి ఎక్కువైనట్టు. రెండూ కాకుండా లోపలికి పోయి మళ్ళీ పైకి రావాలి. తర్వాత వెలిగించకుండానే వాసన చూసేది. అడకత్తెరతో కొస చెక్కేది, గోరంత. పళ్ళతో కొరికేవాళ్ళంటే ఆమెకు అసహ్యం. మంటలో పెట్టేది కాదు, నిప్పుకు కొంచెం ఎడంగా పట్టి చుట్టూ తిప్పుతూ ముందు వెచ్చబెట్టేది.

నేను మొదటిసారి గబగబా లాగి దగ్గుతుంటే వీపు మీద ఒకటి వేసింది. "మింగతావేందిరా అల్లుడా, సంగటి ముద్దనా? నోట్లో పెట్టుకో. నాలిక మింద తిప్పు. ఏమంటాదో ఇను, ఇన్నాక ఇడ్సు."

విన్నాను. మొదట తీపి తగిలింది, ఎండుద్రాక్ష లాగా. సగానికి వచ్చేసరికి వేయించిన శెనక్కాయల పొట్టు వాసన. ఇంకా కొంచెం కిందికి వచ్చాక నేను పండితుడిలాగా, "తొలకరి వాన పడినట్టుందత్తా" అన్నాను.

"వాన మొగం సూసి ఎన్నేండ్లయిందిరా నీకి? వాన వాసన గూడా మర్సిపోయినావు. ఇది కాలిన బెల్లం" అంది.

మళ్ళీ లాగి చూశాను. కాలిన బెల్లమే. తొందరపెడితే చుట్ట చేదెక్కుతుందని ఆమె అనేది. బూడిదను వేలుతో కొట్టి రాల్చనిచ్చేది కాదు, దానంతట అది పడాలి. చివర్లో నేలకేసి నలపనిచ్చేది కాదు. "అంతసేపు నీకి రుసి ఇచ్చినదాన్ని కాలితో తొక్కతావా? పక్కన పెట్టు, అదే ఆరిపోతాది." నేను చేసే ఉద్యోగంలో పొద్దస్తమానం అరుపులే. ఆ అరుగు మీదనే నాకు మాట్లాడకుండా కూర్చోవడం వచ్చింది. ఆ రుణం ఎట్లా తీరుతుందో తెలియదు.

మా సీమ గాలికి మంచి చుట్ట బతకదు. పెట్టెలో నుంచి తీసి నాలుగు దినాలు బయట ఉంచితే పైఆకు పగిలి రేకులు రేకులుగా ఊడుతుంది. అందుకని అత్త పెట్టెను నీళ్ళ బాన పక్కన తడి ఇసుకలో దించి, పైన తడిగుడ్డ కప్పేది. వానలు లేని ఏడాది బావులు అడుగంటి, ఆడవాళ్ళు మైళ్ళు నడిచి నీళ్ళు తెస్తున్నప్పుడు ఇంట్లో గొడవ మొదలైంది. అత్త మరిది, నాకు చిన్నమామ వరస, "మనుషులకు తాగేదానికి లేవు, చుట్టలకు నీళ్ళా?" అని వీధిలోకి వినబడేట్టు అరిచాడు. అత్త తన చెంబు ఎత్తి చూపించింది. "ఇది నా వంతు. నేనే మోసుకొచ్చుకున్న్యా. సగం నేను తాగతా, సగం అది తాగతాది. నీ చెంబు నేను ముట్టుకున్న్యానా?" అంది. నీళ్ళు మోసేది అత్త, ఆయన పెళ్ళాం చిన్నత్త. చిన్నమామ ఒక్కనాడూ బిందె ఎత్తిన పాపాన పోలేదు. ఆయన పంచాయతీ మెంబరు. ఎత్తవలసినవి వేరే ఉండేవి.

అసలు తగవు ఇంకొక దాని వల్ల ముదిరింది. ఒకసారి నేను కండక్టరుతో, "ఆదివారం చుట్టలొస్తాయని అత్తకు చెప్పు" అన్నాను. ఆ పెద్దమనిషి బస్సు ఆపకుండానే చిన్నమామను చూసి, "ఆదివారం చుట్టాలొస్తారంట, మీ వదినకు చెప్పు" అని కేకేసి పోయాడు. ఒక్క దీర్ఘం ఎక్కువ పడింది. అప్పట్లో సమితి ఎన్నికల మాట నడుస్తోంది. గుంతకల్లు నుంచి చుట్టాలంటే తన పార్టీవాళ్ళేననుకున్నాడు చిన్నమామ. వాకిలి అలికించాడు, పక్కింటి నుంచి మంచం తెప్పించాడు. అత్త పెంచుకున్న పెట్టను, గుడ్లు పెట్టే పెట్టను, ఆమెను అడగకుండా కోయించాడు.

నేను బస్సు దిగాను, చంకలో చెక్కపెట్టెతో. చిన్నమామ ఉతికిన పంచె కట్టుకుని ఎదురొచ్చి నా వెనక్కి చూశాడు. "చుట్టాలేరప్పా?"

"చుట్టాలెవరు?"

సంగతి అత్తకే ముందు అర్థమైంది. అరుగు మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నా చేతిలో పెట్టె లాక్కుని మూత తెరిచి, "ఈళ్ళే గదప్పా చుట్టాలు! సూడు, ఎట్ల వరసగా పండుకోనుండారో! లేపు, మంచం మింద కూసోబెట్టు, కోడికూర పెట్టు!" అంది. వీధి వీధంతా నవ్వింది. చిన్నమామ నవ్వలేదు. ఆ రాత్రి కూర వడ్డిస్తే అత్త ముట్టలేదు. అప్పటికి నవ్వు పోయింది. "అల్లుడా, చుట్టకీ చుట్టానికీ ఒగటే తేడా. చుట్ట అది కాలిపోయి మనకి రుసి ఇస్తాది. చుట్టం మనల్ని కాల్చి తాను రుసి సూస్తాడు" అంది. చిన్నమామ విన్నాడు. వినాలనే అంది.

పోయిన ఏడాది తాలూకా నాయకుడు ఆ ఊరికి వస్తాడని తెలిసింది. చిన్నమామకు టిక్కెట్టు కావాలి. వీధి అరుగు మీద వదిన చుట్ట తాగుతూ కనిపిస్తే పరువు పోతుందన్నాడు. ఒక్కరోజుకు లోపల కూర్చోమన్నా అత్త కూర్చునేదేమో. ఆయన అట్లా అడగలేదు. నలుగురు పెద్దమనుషుల్ని పిలిచి పంచాయితీ పెట్టించాడు. "అరుగు కావల్నా, చుట్ట కావల్నా, నువ్వే తేల్చుకో" అన్నారు వాళ్ళు. తమ నోళ్ళలో బీడీలు పెట్టుకునే అన్నారు. మొగుడు పోయిన మనిషి, ఇల్లు మరిదిది. ఎక్కడికి పోతుంది? నాతో రమ్మన్నాను. "నా మొగుని ఇంట్లోంచి నేనెందుకు పోవల్ల?" అంది. చుట్ట వదలలేదు, అరుగు వదిలింది. వెనక గొడ్ల కొట్టం పక్కన, ఎండుకంప దడికి ఆనుకుని ఒక బండ ఉంది. అక్కడికి మారింది.

నాయకుడు ఆ రోజు రానే లేదు. ఎందుకో తీరిక లేకపోయింది. చిన్నమామ మాత్రం హద్దు ఎత్తెయ్యలేదు. అత్త ఎండాకాలమంతా ఆ బండ మీద కూర్చుంది. మార్గశిరం వచ్చింది. మా మెట్ట మీద చలిగాలి అడ్డూ ఆపూ లేకుండా వస్తుంది, ఆ కంపదడి దాన్ని ఆపలేదు. రొమ్ము పట్టేసింది, జ్వరం, ఆయాసం. నాకు కబురు చెప్పిన నాథుడు లేడు. ఉరవకొండ డాక్టరును తర్వాత నేనే పోయి అడిగాను. "చుట్టలు మంచివి కావు, అదీ ఒక కారణమే. కానీ ఆ వయసులో ఆ చలిలో కూర్చోబెట్టిందెవరు?" అన్నాడు. సరే, చుట్ట తప్పు చుట్ట మీద వెయ్యండి, నేను కాదనను. చుట్టాల వంతు చుట్టాలు తీసుకోవాలి కదా? ఒక్కరు తీసుకోలేదు.

కర్మ పత్రికలో అచ్చు వేయించారు, "మహాసాధ్వి, ఏ దురలవాటూ ఎరుగని పుణ్యాత్మురాలు" అని. బతికున్నప్పుడు దొడ్లోకి తోశారు, చచ్చినాక పత్రికలో నుంచి కూడా తోశారు.

కర్మ రోజున సమాధి దగ్గర విస్తరి పెట్టి, అందరూ దూరం జరిగి కాకి కోసం చూశారు. కాకి రాలేదు. చిన్నత్త ఏడ్చింది. చిన్నమామ ముఖం నల్లబడింది. "ఆమెకి ఇష్టమైంది పెట్టకుంటే యాడొస్తాదప్పా?" అని పక్కింటి అవ్వ గట్టిగానే అంది. నేను తెచ్చిన పెట్టెలో నుంచి ఒక చుట్ట తీసి విస్తరి పక్కన పెట్టాను. కొంతసేపటికి కాకి దిగి, వడ ఎత్తుకుపోయింది. "తృప్తిపడింది, మనమింద కోపం లేదు" అని అందరూ చేతులు కడుక్కున్నారు. ఎంత సులభం! చుట్టుపక్కల పైరు లేదు, గింజ లేదు. ఆ కాకికి ఆకలి, అంతే.

మధ్యాహ్నం భోజనాలప్పుడు ఆ తాలూకా నాయకుడు వచ్చాడు, పరామర్శకు. చిన్నమామ ఆయనను అరుగు మీద జంబుఖానా పరచి కూర్చోబెట్టాడు. ఆయన నా పక్కనున్న పెట్టె చూసి, మూత ఎత్తి వాసన చూశాడు. "ఏమప్పా, ఇట్లాటివి ఈ ఊర్లో యాడియి?" అన్నాడు. నేను ఇచ్చేలోపలే, ఇచ్చేవాణ్ణో లేదో, చిన్నమామ ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన కొస పళ్ళతో కొరికి ఊశాడు. గాలికి పుల్ల ఆరిపోతుంటే చిన్నమామ రెండు చేతులూ దోసిలిగా అడ్డం పెట్టి, వంగి, వెలిగించాడు.

"ఈ మరణం ఊరికే మర్సిపోయేది గాదప్పా" అన్నాడు నాయకుడు పొగ వదులుతూ. "మా యమ్మ గూడా తాగతాండె. మా ఊర్లో అరుగు మిందనే కూసోని, పోయే దినం దాంక తాగింది. మీ వదినమ్మ గూడా తాగతాండెనంట గదా, బస్సులో ఎవరో అన్న్యారు. ఆమె యాడ కూసోని తాగతాండె?"

చిన్నమామ నా వైపు చూడలేదు. చేతులు కట్టుకుని, "ఈన్నే అన్నా, ఈ అరుగు మిందనే" అన్నాడు.

నాయకుడు ఆ మాట నమ్మాడు. మర్యాదగా కొంచెం పక్కకు జరిగి కూర్చున్నాడు. గోడవారన ఒక మనిషి చేరగిలబడేంత చోటు ఖాళీగా మిగిలింది.