ఇరవై నాలుగు ఇళ్ళు, ఒక కోడిపెట్ట

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వేసవి మొదట్లో, నన్ను గార్లదిన్నె మండలానికి గృహనిర్మాణ పనుల అసిస్టెంట్ ఇంజినీరుగా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. ఏ.ఈ. అంటే బయటివాళ్ళు పెద్ద పదవి అనుకుంటారు. కింద మేస్త్రీలు, లబ్ధిదారులు, పైన డి.ఈ., ఆయన పైన ఇ.ఇ. ఇరువైపుల తిట్లూ ఒకచోట కలవడానికి ఏర్పాటు చేసిన జంక్షన్ పేరు ఏ.ఈ.

ఛార్జి తీసుకున్నరోజు బల్లమీద ఒక కాలనీ ఫైలు ఉంది. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళ దగ్గర నా ఫోన్ నెంబరు ఉంది. ఊరికి కిలోమీటరు దూరంలో బీడు భూమిలో ఇరవై నాలుగు ఇళ్ళు కట్టారు. రెండు వరుసలు, వరుసకు పన్నెండు. ఒక వరుస వీపు ఇంకో వరుస వీపుకు ఆనించినట్టు, నడుమ ఆరడుగుల గోడ. ముఖాలు అటొకటి, ఇటొకటి. చీటీలు తీసి ఎవరి ఇల్లు ఏదో ఖాయం చేశారు. పట్టాలిచ్చి ఏడాది దాటింది. కాపురం చేరినవాళ్ళు ముగ్గురు. మిగిలిన ఇరవై ఒక్క ఇళ్ళకూ తాళాలు.

పైనుంచి ఉత్తరువు వచ్చింది: నెల రోజుల్లో కాపురం చేరనివారి పట్టా రద్దుచేసి, జాబితాలో తరువాతివారికి ఇవ్వాలి. దానికొక ఫారం. 'నివాసం ఉండకపోవడానికి కారణం' అనే గడిలో అయిదు కోడ్లలో ఒకటి వేయాలి. ఒకటి నీళ్ళు, రెండు కరెంటు, మూడు దారి, నాలుగు కుటుంబ తగాదా, అయిదు ఇతరములు. అయిదు వేస్తే పక్కన వివరం రాయాలి. నాకంటే ముందు పనిచేసినాయన ఇరవై ఒక్కసార్లు అయిదు వేసి, ఇరవై ఒక్కసార్లూ పక్కన 'వాస్తు' అని రాశాడు.

నిజం చెప్పాలంటే నాకు పండగ అనిపించింది. కాలేజీ రోజుల నుంచీ నేను వాస్తు మీద సభల్లో మాట్లాడినవాణ్ణి. తాగడానికి నీళ్ళు లేని నేలమీద నీటి సంపు ఏ మూల ఉండాలో వాదించే శాస్త్రం అది. వానలు పడని పాపం ఇంటి గుమ్మం మీదికి తోసి, దానికి ఫీజు పుచ్చుకునేవాడు సిద్ధాంతి. ఇన్నాళ్ళూ టౌన్లో, అప్పటికే నాతో ఏకీభవించే నలభైమంది ముందు మాట్లాడాను. ఇప్పుడు అసలు రోగులే దొరికారు.

ఆ చుట్టుపక్కల వాస్తు చూసేవాడు నాగలింగప్ప. సోలార్ ప్యానెళ్ళు అమ్మే ఏజెంటు కూడా. దిక్కులతో పని కాబట్టి రెండూ కలిసొచ్చాయంటాడు. ఒక ఆదివారం ఉదయం కాలనీలో షామియానా వేయించి, ఊరందరినీ పిలిపించి, అతన్ని బహిరంగ చర్చకు ఆహ్వానించాను. నా సర్వీసులో ఆఫీసు పనిమీద జరిపిన ఏకైక చర్చ అది.

నాగలింగప్ప ఫోనులో దిక్సూచి తెరిచి, పక్కనున్న తన మోటారుసైకిలు ట్యాంకు మీద పెట్టి, "చూడండి సారూ, ఈ నేలలోనే దోషముండాది" అన్నాడు. చూశాను. పామిడి వైపు ఉండాల్సిన ఉత్తరం అనంతపురం వైపు తిరిగి ఉంది. ఫోను తీసి నా అరచేతిలో పెట్టుకుని పది అడుగులు దూరం నడిచాను. ఉత్తరం మళ్ళీ పామిడికి వెళ్ళిపోయింది. ఇనుము పక్కన అయస్కాంతం ఏం చేస్తుందో చెప్పాను. మూలలకు మనుషులమీద పగ ఉండదని, ఉంటే గింటే కాంట్రాక్టరుకు సిమెంటు మీద ఉంటుందని చెప్పాను.

ముందు వరుసలో అరవై ఏళ్ళ ఒకామె లేచి నిలబడింది. "ఏమప్పా నాగలింగా, నీ సెల్లుకే దిక్కు తెలీకపాయె, మాకేం దిక్కు చెప్తావప్పా నువ్వు?" అంది. షామియానా అదిరేలా నవ్వారు. నాగలింగప్ప బండి ఎక్కి వెళ్ళిపోయాడు. నా జీవితంలో అంత సంపూర్ణమైన గెలుపు ఇంకోటి లేదు.

ఆమె పేరు ఓబుళమ్మ. కూలిపని. మూడో నెంబరు ఇల్లు ఆమెది. భర్త లేడు. ఊళ్ళో ఆమె ఉండేది రేకుల షెడ్డు. అది కూడా ఇంకొకరి కల్లంలో వేసుకున్నది, రేపు పొమ్మంటే పోవాల్సిందే. పుట్టి బుద్ధెరిగాక ఆమె పేరున వచ్చిన ఆస్తి ఆ మూడో నెంబరు ఒక్కటే.

వారం గడిచింది. ఒక్క తాళమూ తెరుచుకోలేదు. ఓబుళమ్మది కూడా.

హేతువాది అంత త్వరగా ఓడిపోడు. ఇంకో హేతువు వెతుక్కుంటాడు. ఇక్కడి ఎండ సంగతి తెలిసిందే కాబట్టి, కొత్త ఇళ్ళ శ్లాబు వేడికి భయపడుతున్నారని తేల్చాను. థర్మామీటరు తీసుకెళ్ళి మధ్యాహ్నం రెండింటికి ఓబుళమ్మ షెడ్డులో కొలిచాను, తరువాత ఆమె కొత్తింట్లో కొలిచాను. కొత్తిల్లు ఆరు డిగ్రీలు చల్లగా ఉంది. నా సిద్ధాంతం నా థర్మామీటరు చేతిలోనే చచ్చిపోయింది. ఓబుళమ్మ మటుకు నాతో పూర్తిగా ఏకీభవించింది. "అవును సార్, శానా సల్లగుండాది ఇల్లు. సిమెంటు బాగా పట్టిచ్చినారు" అని మెచ్చుకుని, తాళంవేసి, ఆ పెనం లాంటి షెడ్డుకు వెళ్ళిపోయింది.

నెల గడువులో పదిరోజులు మిగిలాయి. 'ఆక్యుపెన్సీ తనిఖీ' పెట్టాను. అంటే ఇల్లిల్లూ తిరిగి, పొయ్యి, బిందె, పక్కబట్టలు, దండెం మీద బట్టలు, వీటిలో మూడు కనిపిస్తే 'కాపురం ఉన్నారు' అని టిక్కు పెట్టాలి. పొద్దున ఎనిమిదికి చేరేసరికి తాళాలన్నీ తీసి ఉన్నాయి. నాకు ఛాతీ పొంగింది. చర్చ ఆలస్యంగానైనా పనిచేసిందనుకున్నాను.

మొదటి ఇంట్లో గ్యాసు పొయ్యి, మూతి దగ్గర కాలిన మచ్చ ఉన్న నీలం ప్లాస్టిక్ బిందె, దండెం మీద చిలకపచ్చ చీర, మూలలో కాలికి ఎర్రదారం కట్టిన కోడిపెట్ట. టిక్కు. రెండో ఇంట్లో పొయ్యి, నీలం బిందె, చిలకపచ్చ చీర, కోడిపెట్ట. టిక్కు. బిందెలు ఒకే కొట్లో కొన్నారేమో అనుకున్నాను. మూడో ఇంట్లో ఓబుళమ్మ గుమ్మం దగ్గర నిలబడి, ఊరికే అన్నేసి మాటలు మాట్లాడి, నన్ను అయిదు నిమిషాలు లోపలికి పోనివ్వలేదు. పోయాక చూస్తే నీలం బిందెకు మూతి దగ్గర కాలిన మచ్చ. నాలుగో ఇంట్లో కోడిపెట్ట రొప్పుతోంది. ఏడో ఇంట్లో నేను అడుగుపెట్టేసరికి పెట్ట ఇంకా పెరటి గోడమీదే ఉంది. గోడ అవతల నుంచి రెండు చేతులు దాన్ని తోస్తున్నాయి. అది నన్ను చూసింది. ఆ కాలనీలో ఆరోజు నిజం చెప్పాలనుకున్న ప్రాణి అదొక్కటే.

వెనక్కి వెళ్ళి చూశాను. రెండు వరుసల మధ్యగోడకు నైరుతి మూలలో మనిషి పట్టేంత కన్నం. గడ్డపారతో పొడిచిన తాజా కన్నం. దానికి అటూ ఇటూ పదిహేనుమంది ఆడవాళ్ళు, పొయ్యి ఒకరి చేతిలో, చీర ఒకరి భుజంమీద, నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక కింద కూలబడ్డారు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ప్రభుత్వ గోడ, ప్రభుత్వ తనిఖీ, ప్రభుత్వోద్యోగి! కరెంటు మీటర్లు చూశాను. ఆ ఇరవై ఒక్క ఇళ్ళలో ఏ మీటరూ ఒక యూనిట్ దాటలేదు. టిక్కులన్నీ కొట్టేసి, ఆఫీసుకు వచ్చి ఇరవై ఒక్క రద్దు నోటీసులు తయారుచేయించాను.

నోటీసుల్లో పేర్లు సరిచూస్తుంటే పంతొమ్మిదో నెంబరు దగ్గర ఆగిపోయాను. మరియమ్మ. కారణం: వాస్తు. ఆదివారం చర్చికి పోయే మరియమ్మకు ఈశాన్యంతో ఏం పని?

నోటీసు ఇంటిమనిషి చేతికిచ్చి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. మరునాడు మధ్యాహ్నం ఊళ్ళోకి వెళ్ళాను. ఓబుళమ్మ షెడ్డు, మరియమ్మ షెడ్డు ఎదురెదురు. నడుమ సందులో ఒక గోనెపట్ట నీడ. ఆ నీడన, నిన్న కోడిని మోసినవాళ్ళంతా విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నారు. నన్ను చూసి ఎవరూ లేవలేదు. మరియమ్మ పక్కకు జరిగి, "కూచో సార్, నిలబడుకోని ఎంతసేపుంటావు" అని, నా ముందు ఒక దోసెడు కాయలు పోసింది. అక్కడ ఊరికే కూర్చునే ఆచారం లేదట. నేనూ ఒలిచాను.

"నీకు వాస్తేమిటమ్మా?" అని అడిగాను.

"ఓబుళక్క అదే చెప్పింది సార్. నేనూ అదే చెప్పినా."

ఓబుళమ్మను అడిగాను. నాగలింగప్పను నవ్వులపాలు చేసింది నువ్వే, మరి వాస్తు అని ఎందుకు రాయించావని. ఆమె కాయ చిట్లించి, గింజ చేటలో వేసి, నెమ్మదిగా చెప్పింది.

"వాస్తంటే ఆఫీసరు రాసుకుంటాడు సార్. ఆడ తలుపు తీస్తే బీడు, ఆమీద గాలిమర. అది ఒంటిగా తిరుగుతాంటాది, నేను ఒంటిగా చూస్తాండల్ల. మరియమ్మ ఇల్లు ఆపక్క వరసలో. ముప్పై ఏండ్లుగా పొద్దున లేస్తే ఈమె మొగమే చూసినా, తిట్టుకున్నా ఈమెనే తిట్టుకున్నా. మూడుదినాలు ఆడ పండుకున్న్యా. తిట్టనీకి మనిషి ల్యాక నోరు పాసిపోయింది. ఇదంతా చెప్తే మీ కాగితంలో యాడ రాస్తావు సార్? నగుతావు."

"అంత మంచిదాన్నేం కాదులే సార్ నేను," అని మరియమ్మ అంది. "నన్ను తిట్టనీకే ఆ ఇల్లు ఇడిసిపెడతాంది."

జేబులోంచి నోటీసు తీయలేదు. నలభై ఏళ్ళుగా నేను ఖండిస్తున్నది నమ్మకాన్ని. ఈ ఊరికి ఆ నమ్మకమే లేదు. 'అక్కడ నాకు మనసు బాగుండదు' అని ఒక ఆడమనిషి ఆఫీసరుతో మర్యాదగా చెప్పగలిగిన ఏకైక మాట వాస్తు. నేను మూడు వారాలు ఆ మాటతో యుద్ధం చేసి, మనిషిని ఒక్కసారీ అడగలేదు. గెలిచానని సంబరపడ్డాను కూడా.

మా నిబంధనల్లో 'పరస్పర మార్పిడి' ఉంది. రిజిస్ట్రేషన్ కాకముందు లబ్ధిదారులు ఒప్పుకుని ఇళ్ళు మార్చుకోవచ్చు. ఇద్దరి అంగీకార పత్రం, ఉమ్మడి ఫోటో, డి.ఈ. సంతకం కావాలి. సాయంత్రానికి ఇరవై ఒక్కరూ కలిసి, సందులో ఎవరి పక్కన ఎవరుండేవారో అదే వరుసలో కొత్త జాబితా నాకు చెప్పారు. తగాదా ఒక్కటే వచ్చింది, కుళాయి పక్కిల్లు ఎవరిదని. అది కూడా పాత తగాదానేనట, అందుకని అలాగే ఉంచారు. నైరుతి కన్నాన్ని పూడ్చే బదులు 'ఉమ్మడి దారి'గా చూపిస్తూ స్కెచ్ వేశాను.

కారణం గడిలో 'ఇరుగుపొరుగు' అని రాసి డి.ఈ.కి పంపాను. ఫైలు తిరిగొచ్చింది, 'కారణం చెల్లదు' అని. ఫోను చేశాను. డి.ఈ. చెడ్డవాడు కాదు. "పక్కింటావిడ కోసమని రాస్తే ఆడిట్‌లో నన్ను చూసి నవ్వుతారయ్యా. వాస్తు అని రాసి పంపు, అయిదు నిమిషాల్లో సంతకం పెడతా" అన్నాడు. గడువు ఇక నాలుగు రోజులే ఉంది. ఆ ఒక్క మాట నా చేత్తో రాస్తే ఓబుళమ్మ ఇల్లు నిలుస్తుంది. రాయకపోతే పోవచ్చు. ఆ రోజంతా పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నా సిద్ధాంతం కోసం ఆమె ఇల్లు పణం పెట్టే హక్కు నాకు లేదని తెలుసు. అయినా రాయలేకపోయాను. ఇది ధైర్యం కాదు, మొండితనం.

మరునాడు ఈ సంగతి ఓబుళమ్మకు ఉన్నదున్నట్టు చెప్పి, వాస్తు అని రాయమంటే రాస్తానన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది. "నువ్వు గమ్మునుండు సార్" అంది.

ఆ తరువాతిరోజు పదింటికి డి.ఈ. ఆఫీసు వరండాలో ఇరవై ఒక్కమంది ఆడవాళ్ళు, రెండు మూటల శనక్కాయలు దిగాయి. నినాదాలు లేవు, వినతిపత్రం లేదు. ఒలుచుకుంటూ కూర్చున్నారు. ఏం కావాలని అటెండరు అడిగితే, "ఏం వద్దు నాయనా, సారు తీరిగ్గా వచ్చేదాకా మా పని మేం చేసుకుంటాం" అన్నారు. ఆ తరువాత వాళ్ళ మాటలు మొదలయ్యాయి. ఊళ్ళో ఎవరి మేక ఎవరి చేలో పడింది దగ్గర్నుంచి, డి.ఈ. గారి చొక్కా ఇస్త్రీ దాకా, ఇరవై ఒక్క గొంతులు. పన్నెండున్నరకు ఒక సమీక్షా సమావేశం ఆగిపోయింది. లోపలి ఇద్దరు క్లర్కులు బయటికొచ్చి, మేక కేసులో తలో పక్షం వహించారు. రెండింటికి డి.ఈ. తలుపు తీశాడు. మరియమ్మ పక్కకు జరిగి, ఆయన ముందు దోసెడు కాయలు పోసింది.

మూడున్నరకు నాకు ఫోను. "నీ ఇరుగుపొరుగు అంటే ఏమిటో కళ్ళారా చూశాను. సంతకం పెట్టేశా. ముందు వీళ్ళను తీసుకెళ్ళు" అన్నాడు. కోడ్ అయిదు, వివరం: ఇరుగుపొరుగు. ఆడిట్‌లో ఎవరూ నవ్వలేదు. ఎవరూ చదవలేదు కూడా.

నేను రిటైరయ్యేనాటికి ఇరవై నాలుగింట ఇరవై రెండు ఇళ్ళలో కాపురాలున్నాయి. ముందు తలుపులు ఎప్పుడూ మూసే ఉంటాయి, రాకపోకలన్నీ వెనకనుంచే. నైరుతిలో కన్నం ఉంటే ఇల్లు నాశనమని చెప్పే శాస్త్రానికి దీనిమీద వ్యాఖ్యానం అడుగుదామనుకున్నాను కానీ, నాగలింగప్ప అప్పటికి పూర్తిగా సోలార్‌లోకి మారిపోయాడు.

ఇల్లంటే నాకు కాలేజీలో నేర్పింది ప్లింత్ ఏరియా, గోడ మందం, శ్లాబు వాలు. అవన్నీ ఆ ఇళ్ళలో సరిగ్గానే ఉన్నాయి. మనిషి సంతోషం ఆ లెక్కల్లోకి రాదని ఎవరూ నాకు చెప్పలేదు; నేనూ అడగలేదు. ఇప్పుడు కుర్ర ఇంజినీర్లు ఎవరైనా లేఅవుట్ తెచ్చి చూపిస్తే ఒక్కటే అడుగుతాను: ఈ ఇంటి తలుపు తీస్తే ఎవరు కనబడతారు? జవాబు లేని ప్లాను మీద నేను సంతకం పెట్టను. నా సంతకానికి ఇప్పుడు విలువ లేదు కాబట్టి దీనివల్ల ఏ పనీ ఆగడం లేదు.