టీచరుగారి విత్తన మిరప

మూడేళ్ల క్రితం ఏప్రిల్‌లో నన్ను కాట్రేనికోన మండలంలో ఉద్యానశాఖ సహాయకుడిగా వేశారు. కాంట్రాక్టు కొలువు. గడువు తీరడంతో ఇరవై తొమ్మిదో ఏటే రిటైరయ్యాను. శాలువా కప్పలేదు గానీ, కుర్చీ మాత్రం ఆ సాయంత్రమే తీసుకున్నారు.

ఊళ్లో కరుణమ్మగారని రిటైరైన టీచరుగారు ఉండేవారు. ఆవిడ పెరట్లో నీళ్లు నిలవకుండా ఎత్తుగా కట్టిన బోదెల మీద, అత్తగారి కాలం నుంచీ వస్తున్న మిరప పండేది. కాయ పొట్టిగా, ముడతలతో ఉంటుంది. అందాల పోటీకి పనికిరాదు. కారం మాత్రం ముందు రంగుతో పలకరించి, ముద్ద మింగాక ఘాటు చూపిస్తుంది. మంచి చెట్ల మీద పండిన రెండో కోత కాయలు విత్తనానికి తీసి, మిగతావి దంచించేవారు. ఆ ఏడు అకాల వర్షానికి మొక్కలన్నీ పోయాయి. పాత గింజ లేదు. మిగిలింది సంచెడు విత్తనపు కాయలే.

ఆ గింజ మొలుస్తుందో లేదో చూసే మొలక పరీక్షకు గుప్పెడు చాలు. నేను ఉత్సాహంగా సంచి మొత్తం అడిగాను.

“ఇంతేనండీ ఉన్నది. జాగ్రత్త బాబూ,” అన్నారావిడ.

నిబంధన ప్రకారం సంచిలో ఒక చీటీ, సంచికి ఒక చీటీ ఉండాలి. రెండూ రాయకుండా ఆఫీసులో బల్ల మీద పెట్టి భోజనానికి వెళ్లాను. మా ఆఫీసుకు రైతులు ఉత్తచేతులతో రారు. అరటిపళ్లో, కొబ్బరికాయలో బల్ల మీద పెట్టిపోతారు. పేరులేని సంచి అందరిదీ అన్నది మా అటెండరు సత్తిబాబు తు.చ. తప్పకుండా పాటించే ఏకైక నిబంధన.

మర్నాడు సంచి ఏదని అడిగాను.

“మీరెలాగూ తీసుకోరు కదాని ఇంటికి పట్టుకెళ్లేనండి. మా ఆవిడ దంచేత్తందండి.”

బండి మీద వాళ్లింటికి పరుగెత్తాం. సత్తిబాబు భార్య లక్ష్మిగారు రోలు దగ్గర తుమ్ముతున్నారు.

“వేయించేశారా?” అన్నాను, నమస్కారం కూడా మరిచి. వేయిస్తే గింజ చచ్చిపోతుంది.

“వేయిత్తే రంగు పోద్దండి. ఎండబెట్టే దంచేను.”

“గింజలో?”

“తొక్క నలిగేకా జల్లించి చేటలో పోసేనండి. అదిగో.”

చేటలో రెండు కోళ్లు భోంచేస్తున్నాయి. మిరప ఘాటు పక్షులకు తెలియదని చదువుకున్నాను, కళ్లారా చూశాను. కోళ్లను తరిమి, ఫ్యాను ఆపి, ముగ్గురం తుమ్ముతూ పగలని గింజలు ఏరాం. చారెడు తేలాయి.

సత్తిబాబుని వెంటబెట్టుకెళ్లి టీచరుగారికి జరిగింది చెప్పాను. ఆవిడ సత్తిబాబు వైపు తిరిగి, “కారం ఎలా ఉందండీ?” అన్నారు.

“ఆయ్, బాగుందండి,” అన్నాడతను, తల దించుకుని.

వంద గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టాను. వారం రోజులు ఏమీ లేదు. పదో రోజున తెల్లటి మోసులు కనిపించాయి. పద్నాలుగో రోజుకు ముప్పై ఒకటి మొలిచాయి. మా లెక్కలో అది పనికిరాని విత్తనం.

“బడిలో అయితే ముప్పై అయిదుకి తక్కువొస్తే తప్పించేదాన్ని. వీటిని పాస్ చేసేశానండి,” అన్నారు టీచరుగారు.

నారు ఎదిగాక సగం తన దగ్గరుంచుకుని, సగం లక్ష్మిగారికి ఇచ్చారు. పెరటి రకం నిలవాలంటే అది కనీసం రెండు పెరళ్లలో ఉండాలని నాకు అప్పుడు తెలిసింది. మా శిక్షణ పుస్తకంలోనూ ఆ మాట ఉంది. ఆ పేజీ నేను చదవలేదు.