ఆవకాయ పడిన బొంత

మా అత్తమ్మకు పాత చీర కనబడితే చేతులు ఊరుకోవు. గోదావరిఖనిలో మా క్వార్టర్ నిండా పరుపుల కంటే బొంతలే ఎక్కువ. ఒకసారి ఊరికే ఒక బొంతను ఫొటో తీసి ఫోన్‌లో పెడితే, ఎవరో "మా చీరలు పంపితే ఇలాగే కుట్టిస్తారా?" అని అడిగారు. అలా మొదలైంది మా వ్యాపారం. చీరలు పార్శిల్‌లో వస్తాయి, అత్తమ్మ కుడుతుంది, నేను మూట కట్టి కొరియర్‌లో వేస్తాను. మా ఆయన గనిలో ఫస్ట్ షిఫ్టు చేసి వచ్చేసరికి మంచమంతా దారాలే. "ఇల్లా, దర్జీ దుకానమా ఇది?" అంటూనే వాటిని ఒక పక్కకు నెట్టి పడుకునేవాడు.

ఆ వానాకాలం బెంగుళూరు నుంచి ఒకామె ఫోన్ చేసింది. సొంతూరు ఖమ్మం దగ్గరట. "మా అమ్మ చీరలండీ. అమ్మ పోయాక ఆ బీరువా తెరవలేకపోతున్నాను. బొంతయితే కప్పుకోవచ్చు కదా" అంది.

చీరలు వచ్చాయి. అన్నీ నూలువి, ఉతికి ఉతికి మెత్తబడినవి. అత్తమ్మ ఒక్కొక్కటే విప్పి చూసి, "ఈమె మస్తు పొడుగు మనిషి ఉండెనేమో బిడ్డా. అంచు ఏడా నేలకు రాసుకోలే" అంది. కుట్టినన్నాళ్ళూ ఎన్నడూ చూడని ఆ మనిషి గురించి పక్కింటి ఆమె గురించి మాట్లాడినట్టే మాట్లాడింది. బొంత పూర్తయ్యాక మడతపెట్టడానికి కూడా ఆమెకు మనసు రాలేదు.

తీరా కొరియర్‌లో వేస్తే, అది చేరలేదు. ఫోన్‌లో ఎప్పుడు చూసినా "దారిలో ఉంది" అనే. ఏ దారిలోనో ఆ దేవుడికే తెలియాలి. "బొగ్గు వ్యాగన్ల ఏసినా ఈపాటికి చేరుతుండె" అన్నాడు మా ఆయన. బెంగుళూరు ఆమె తిట్టినా బాగుండేది. "ఏమైనా తెలిసిందా అండీ?" అని మెల్లగా అడిగేది. ఆ మెల్లదనానికే నాకు అన్నం దిగేది కాదు.

కొరియర్ వాళ్ళ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను.

"పార్శిల్‌లో ఏముంది మేడమ్?"

"బొంత."

"అంటే?"

"కప్పుకునేది. పాత చీరలతో కుడతారు."

"ఓ, పాత బట్టలా మేడమ్?"

నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది, తనకు కనిపించేది ఒక నంబరు. దొరక్కపోతే నష్టపరిహారం అడగవచ్చని చెప్పింది. పోయిన అమ్మ చీరలకు నష్టపరిహారం ఏముంటుందని ఫోన్ పెట్టేశాను.

మా ఊరి కొరియర్ ఆఫీసులో వాకబు చేస్తే, ఇక్కడి సామానంతా ముందు పెద్దపల్లి గోదాముకు పోతుందని, అక్కడ అడగమని చెప్పారు. నేను చెప్పులు వేసుకుంటుంటే అత్తమ్మ అప్పటికే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. "నువ్వు అడ్రసు చూస్తవు. నేను బొంతను చూస్త. పా!" అంది. బస్సెక్కాం.

గోదాములో ఉన్నాయన మమ్మల్ని ఒక మూలకు తీసుకెళ్ళాడు. వానలో తడిసి, అడ్రసు చీటీలు ఊడిపోయిన పార్శిళ్ళు అక్కడ కుప్పగా ఉన్నాయి. "ఇవి ఎవరియో మాక్కూడ తెలుస్తలేదక్కా. ఇప్పి చూసుడే ఇగ" అన్నాడు. అత్తమ్మ కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఒక్కో మూటనూ నొక్కి చూడసాగింది. ఒకదాన్ని గట్టిగా పట్టుకుని, "ఇదే. నా శెయ్యి నాకు తెల్వదా?" అంది. ఆయన కత్తితో కొస కోశాడు. లోపలి నుంచి ఒక దూది ఎలుగుబంటి ముఖం బయటకు వచ్చింది.

నాకు నవ్వు ఆగలేదు. అత్తమ్మ నా వైపు కోపంగా చూసి మళ్ళీ వెతకసాగింది. ఈసారి దొరికింది. కానీ విప్పగానే గుప్పున ఆవకాయ వాసన. ఎవరిదో పచ్చడి సీసా దానిమీద పగిలినట్టుంది. నీలం చీర ఉన్న మూలంతా ఎర్రటి నూనె.

"ఏమనుకోకు అవ్వా, బండ్లకెల్లి దించేటప్పుడు పలిగినట్టుంది" అన్నాడు ఆయన. అత్తమ్మ బొంతను మళ్ళీ మడిచి చంకన పెట్టుకుంది. బస్సులో బొంతను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, అన్నం డబ్బా తీస్తామేమోనని.

కుంకుడుకాయ రసం, శనగపిండి, నిమ్మకాయ, అన్నీ అయ్యాయి. వాసన పోయింది, ఎరుపు పోయింది. పసుపు మరక మాత్రం నీలం మీద అలాగే నిలిచిపోయింది.

"గట్లనే పంపియ్యి. డిజైన్ అనుకుంటది" అన్నాడు మా ఆయన.

నేను వీడియో కాల్ చేశాను. జరిగిందంతా చెప్పి మరక చూపించాను. ఆమె ఫోన్‌కు దగ్గరగా వచ్చి ఆ మూలనే చూసింది. అత్తమ్మే నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"బిడ్డా, మీ అమ్మ చీర ఖరాబైంది. ఆ ముక్క తీసేసి నా చీర ముక్క ఏస్త. ఒప్పుకుంటవా?"

ఆమె కళ్ళు తుడుచుకుని, "ఏ చీరమ్మా?" అని అడిగింది.

ఇక చూడాలి సంబరం. అత్తమ్మ పెట్టె బోర్లించింది. ఆకుపచ్చది, మిరపపండు రంగుది, చుక్కలది, ఒక్కొక్కటే నేను ఫోన్ ముందు పట్టుకోవడం, అటు ఆమె తల అడ్డంగా ఊపడం. చివరికి, "మీరు కట్టుకున్నది బాగుందమ్మా. అది ఇస్తారా?" అంది.

అత్తమ్మ తన ఆవపువ్వు రంగు చీర వైపు చూసుకుంది. "దీనికి ఇంక మస్తు దమ్మున్నది బిడ్డా!" అంది బేరమాడుతున్నట్టు. అటువైపు నుంచి నవ్వు వినిపించింది. ఆమె నవ్వగా నేను వినడం అదే మొదటిసారి. అత్తమ్మ గొణుక్కుంటూ లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చి, కత్తెర అడిగింది.

ఈసారి బొంతను ప్లాస్టిక్ షీటులో రెండు చుట్లు చుట్టాం. లోపల ఒక గుడ్డ ముక్కమీద అడ్రసు దారంతో కుట్టాం. వాన పడినా, పచ్చడి పడినా అది చెరగదు. ఇప్పుడు ప్రతి పార్శిల్‌లోనూ అలాగే చేస్తున్నాం.

బొంత భద్రంగా చేరింది. చేరిందని ఆమె నాకు ఒక్క ముక్కలో మెసేజ్ పెట్టి, మాట్లాడటానికి మాత్రం అత్తమ్మను అడిగింది. ఇప్పటికీ ఆదివారం పూట ఫోన్ వస్తుంది. "ఏం కూర వండినవ్ బిడ్డా?" అని మొదలుపెట్టి ఇద్దరూ ఎక్కడికో పోతారు. నా ఫోన్ నా చేతికి వచ్చేసరికి దాంట్లో ఛార్జింగ్ ఉండదు.