శౌరమ్మ పాడని చరణం

శౌరమ్మ పటమట చర్చిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా పాడుతోంది. భర్త శౌరయ్య రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. వీధిలో అందరికీ ఆమె టైలర్ శౌరమ్మే. చర్చిలో మాత్రం ఫాదర్‌గారు కూడా ‘శౌరమ్మగారూ’ అంటారు. ఏటా మరియమాత పండుగ పూజలో ఆఖరి చరణం ఆమె ఒక్కతే పాడుతుంది. అది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు గాని, ఇంకొకరు పాడతారన్న ఆలోచన ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

పోయిన సంవత్సరం రొసారియో వచ్చేదాకా.

రొసారియోది స్పెయిన్. అరవై రెండేళ్ళ మనిషి. భవానీపురంలో పిల్లల హాస్టల్లో ఆరు నెలలు పాట నేర్పడానికి వచ్చింది. మొదటి ఆదివారం ఫాదర్‌గారు ఆమె గురించి పావుగంట చెప్పారు. బేకరీ నడిపేవాళ్ళ అమ్మాయట. మొదలు నుంచి చివరి వరకూ పాటలతోనే నడిచే ఆపెరా నాటకాల్లో వెనక గుంపులో పాడేదట. ఇరవై నాలుగో ఏట, కథానాయికకు జ్వరం వస్తే ఆ పూటకు ఈమెను నిలబెట్టారట. అంతే, పాతికేళ్ళు వేదిక దిగలేదు. మాడ్రిడ్, మిలాన్, బ్యూనస్ ఎయిరెస్. రెండు వేల మందికి మైకు లేకుండా వినిపించే గొంతు. మెడకు ఆపరేషనై ఆ గొంతు తగ్గాక వేదిక మానుకుందట.

శౌరమ్మకు మిగతావేవీ ఎక్కలేదు. జ్వరం ఒక్కటే మనసులో ముల్లులా దిగింది. ఇరవై ఏళ్ళప్పుడు తనకూ రేడియో వాళ్ళ పాటల పరీక్షకు రమ్మని ఉత్తరం వచ్చింది. అప్పుడు కొడుకు బాబీ కడుపులో ఉన్నాడు, తొమ్మిదో నెల. వెళ్ళలేకపోయింది. తరవాత మళ్ళీ దరఖాస్తు పెట్టనూలేదు.

“ఎవరికో జ్వరమొస్తే ఈవిడ మహారాణి అయ్యింది. నాకోసం ఎవరికొచ్చింది జ్వరం?” అంది ఇంటికొచ్చి.

“ఎవరికన్నా రావాలని కోరుకుంటావా ఏంటే?” అన్నాడు శౌరయ్య.

పండుగకు మూడు వారాల ముందు ఫాదర్‌గారు పిలిచి, “ఈసారి ఆఖరి చరణం రొసారియోగారి చేత పాడిద్దామండీ. తెలుగు మాటలు మీరే నేర్పాలి” అన్నారు.

“అలాగేనండి ఫాదర్” అంది శౌరమ్మ నవ్వుతూ. ఆ వారం కుట్టిన నాలుగు జాకెట్ల చేతులు బిగుతయ్యాయి.

నేర్పడం మొదలైంది. కాలేజీలో చదివే సుస్మిత మధ్యలో కూర్చుని ఇంగ్లీషులో చెప్పేది. రొసారియో బుద్ధిగా నోట్‌బుక్‌లో రాసుకునేది. ఆమె నోట ‘వ’ పలకదు, ‘బ’ అవుతుంది. ‘నీ కరుణ వానై కురియగా’ అన్నచోట ‘బానై’ అంది. శౌరమ్మకు బాన పొట్ట గుర్తొచ్చి నవ్వొచ్చింది. సరిదిద్దబోయి ఆగింది.

“కరెక్టేనా?” అని సుస్మిత చేత అడిగించింది రొసారియో.

“బ్రహ్మాండంగా ఉందని చెప్పమ్మా” అంది శౌరమ్మ. సుస్మిత ఒకసారి ఆమె ముఖంలోకి చూసింది. పెద్దావిడ మాటకు ఎదురు చెప్పలేక అదే మాట ఇంగ్లీషులో చెప్పింది.

పండుగ రోజు చర్చి కిక్కిరిసిపోయింది. రొసారియో ‘బానై’ అనగానే పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆడవాళ్ళ వరుసల్లోకి పాకింది. శౌరమ్మ తల వంచుకుంది, పెదాలు బిగబట్టుకుంది. రొసారియో ఆగలేదు. ఆఖరి పాదంలో స్వరాన్ని పైకి తీసుకెళ్ళింది. అది పూర్వపు గొంతు కాదని శౌరమ్మకు తెలుస్తూనే ఉంది, అంచుల్లో చిరుగు వినిపిస్తోంది. అయినా నవ్వుతున్న చర్చి మొత్తం నోరు మూసుకుంది. శౌరమ్మ ఒళ్ళు జలదరించింది. అలా జలదరించినందుకు ఆ మనిషి మీద మరింత మండిపోయింది.

నాలుగు రోజులకు రొసారియో సుస్మితను వెంటబెట్టుకుని శౌరమ్మ ఇంటికొచ్చింది. సుస్మిత తలెత్తకుండా చెప్పింది: “ఆంటీ, పిల్లలు ఎందుకు నవ్వారని నన్నడిగారు. చెప్పేశాను. నేర్పేటప్పుడు మీకా తప్పు వినపడలేదా అని అడుగుతున్నారు.”

అబద్ధం ఆడడానికి వీలుంది. చెవి సరిగా వినపడదంటే సరిపోయేది. కాని పాడేవాళ్ళ ముందు తన చెవిని తక్కువ చేసుకోవడం శౌరమ్మకు చేతకాలేదు.

“వినపడింది. కావాలనే చెప్పలేదు. ఆవిడ ప్రపంచమంతా పాడిందమ్మా. నాకున్నది ఏడాదికొక్క చరణం. అదీ తీసుకుంది.”

సుస్మిత తడబడుతూ చెప్పింది. రొసారియో టీ కప్పు కింద పెట్టి లేచింది. గుమ్మం దగ్గర గట్టిగా ఏదో అంది.

“ఏమంటది?”

“డాక్టరు ఇక పాడొద్దన్నారట ఆంటీ. జనం ముందు అదే ఆఖరిసారి అట. ఆ ఆఖరి పాటకు నవ్వులు మిగిల్చారు అంటున్నారు.”

శౌరమ్మ వెనకే మెట్లు దిగింది. వీధిలో ఆటో ఎక్కుతున్న రొసారియో చెయ్యి పట్టుకుని, “తప్పయిందండీ” అంది. రొసారియో చెయ్యి విడిపించుకుంది. హాస్టల్లో గడువు ముగిశాక వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.

ఈ ఏడాది ఆఖరి చరణం మళ్ళీ తనకే ఇస్తామని ఫాదర్‌గారు అంటే శౌరమ్మ వద్దంది. సుస్మితను నిలబెట్టి, ఒక్కో అక్షరం పదిసార్లు పలికించి, కసురుకుని మరీ నేర్పింది. సుస్మిత బాగా పాడింది. చర్చి బయట అందరూ ఆ పిల్లను మెచ్చుకుంటుంటే శౌరమ్మ చెప్పులు వెతుక్కునే నెపంతో పక్కకెళ్ళి నిలబడింది.

“కుళ్ళుగా ఉందా?” అన్నాడు శౌరయ్య మెల్లగా.

“ఉంది” అంది శౌరమ్మ. చెప్పులు వేసుకుని సుస్మిత దగ్గరకెళ్ళి, “రెండో పాదంలో ఊపిరి తొందరగా తీశావు. రేపు సాయంత్రం ఇంటికి రా” అంది.